తెల్లగోడ – జాజుగోడ: గది లోపలి రెండు వర్ణాల తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:

తెలుగు ప్రాంతాల పాత ఇళ్ళలో గది గోడలకు ప్రధానంగా రెండు రంగులు వాడేవారు. ఒకటి సున్నపు తెలుపు, రెండవది జాజు ఎరుపు. ఈ రెండూ పదార్థరీత్యా, కాంతిని తిరిగి ఇచ్చే తీరులో, వాడుక పదాల వ్యుత్పత్తిలో పరస్పరం భిన్నమైనవి. ఈ వ్యాసం ఆ రెండు వర్ణాలను పక్కపక్కన నిలిపి పరిశీలిస్తుంది. ఒక వృద్ధురాలి గదికి రంగు మార్చిన సందర్భాన్ని ఆధారంగా తీసుకొని, గదిలో వెలుతురు పెరగడం, వస్తువులు స్పష్టంగా కనిపించడం ఒకటి కాదని వివరిస్తుంది. గోడరంగును విడిగా కాక, నేలతోనూ ఆ గదిలో ఉండే మనిషి చూపుతోనూ కలిపి నిర్ణయించాలని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సున్నం, వెల్ల, జాజు, జేగురు, కావి, కాంతి పరావర్తనం, వర్ణభేదం, వృద్ధాప్యంలో చూపు.

1. ఉపోద్ఘాతం:

గది గోడకు ఏ రంగు వేయాలన్న ప్రశ్న సాధారణంగా అభిరుచికి సంబంధించినదిగా పరిగణింపబడుతుంది. ఒకరికి తెలుపు నచ్చుతుంది, మరొకరికి ముదురు రంగు నచ్చుతుంది. అభిరుచులను తర్కంతో తేల్చలేమని చర్చను అక్కడితో ముగిస్తారు. అయితే ఈ ప్రశ్నలో అభిరుచికి లొంగని అంశాలు కూడా ఉన్నాయని నాకు ఒక ఇంటి అనుభవం తెలియజేసింది.

తెలంగాణలోని మా అమ్మమ్మ ఇల్లు పాతది. ఆమె పడుకునే గదిలో నేల బూడిదరంగు తాండూరు బండలది. గోడకు కింద మూడడుగుల ఎత్తు వరకు జాజు, ఆ పైన సున్నం ఉండేవి. రెండేళ్ళ క్రితం మా మేనమామ ఆ ఇంటిని బాగుచేయించారు. బండల స్థానంలో తెల్లని టైల్స్ వచ్చాయి. గోడలకు నేల నుండి పైకప్పు దాకా తెల్లని ఎమల్షన్ వేశారు. గది వెలుగుతో నిండిపోయింది. చూసిన వారందరూ మెచ్చుకున్నారు. ఎనభై దాటిన అమ్మమ్మ మాత్రం ఆ గదిలో నడవడానికి తడబడసాగింది. కారణమడిగితే, "గోడ ఏడికెల్లి మొదలైతున్నదో కానస్తలేదు బిడ్డా" అన్నది.

మొదట మేమంతా దానిని చూపు మందగించడంగానే భావించాము. అదే చూపుతో ఆమె అంతకుముందు వారం వరకు పాత గదిలో ఎవరి సాయం లేకుండా తిరిగింది. మారినది కన్ను కాదు, గది. గదిలో ఏమి మారిందని ప్రశ్నించుకోవడమే ఈ వ్యాసానికి మూలం.

2. రెండు వర్ణాలు – పదాల స్వరూపం:

2.1 తెలుపును తెలిపే పదాలు: గోడకు సున్నం పూయడాన్ని తెలుగులో 'వెల్లవేయడం' అంటారు. 'వెల్ల' అంటే తెల్లదనం. వెలుగు, వెన్నెల అనే మాటలలోనూ ఇదే ద్రావిడ మూలం కనిపిస్తుంది. అంటే తెల్లదనం, కాంతి అనే రెండు భావాలు ఈ ధాతువులో కలిసే ఉన్నాయి. 'తెలుపు' అనే పదం ఇంకొక అడుగు ముందుకు వేస్తుంది. నామవాచకంగా అది ఒక రంగు, క్రియగా 'తెలియజేయు' అని అర్థం. తెలి, తెల్ల, తెలియు, తెలివి, తెల్లవారు మొదలైనవన్నీ స్పష్టత అనే అర్థం గల ఒకే మూలానికి చెందినవి. తెల్లగా ఉన్నది తెలుస్తుందన్న అనుభవం భాషలోనే నిక్షిప్తమై ఉంది.

సంస్కృత పదాలలోనూ ఇటువంటి జాడ ఉంది. 'సుధ' అంటే అమృతమే కాక సున్నం కూడా. సుధతో పూతపెట్టిన మేడ 'సౌధం' అయింది. మన 'సున్నము' అనే మాట సంస్కృత 'చూర్ణ' శబ్దం నుండి ప్రాకృతం మీదుగా వచ్చినది. మేడకు సౌధమనే పేరు దాని ఎత్తును బట్టి కాక, దాని గోడ పూతను బట్టి వచ్చిందన్నది గమనించదగిన విషయం.

2.2 ఎరుపును తెలిపే పదాలు: ఇనుము కలిసిన ఎర్రమట్టిని జాజు, జేగురు, కావి అనే పేర్లతో వ్యవహరిస్తాము. సంస్కృతంలో ఇది 'గైరికం'. కావికి 'చెం' అనే ఎరుపు వాచకం చేరి 'చెంగావి' ఏర్పడింది. 'చెంగలువ'లో ఉన్నదీ అదే. సంస్కృతంలో 'ధాతువు' అనే మాటకు ఖనిజవర్ణం అనే అర్థం కూడా ఉంది. కాళిదాసు మేఘసందేశంలోని యక్షుడు తన ప్రియురాలి రూపాన్ని రాతిమీద చిత్రించినది ఈ ధాతురాగంతోనే.

తెలుపు మాటలు వెలుగుతో ముడిపడగా, ఎరుపు మాటలు మట్టితో, రాతితో ముడిపడి ఉన్నాయి. ఒకటి గుణాన్ని చెబుతుంది, మరొకటి పదార్థాన్ని చెబుతుంది.

2.3 వర్ణనామాల క్రమం: బ్రెంట్ బెర్లిన్, పాల్ కే అనే పరిశోధకులు 1969లో ప్రకటించిన సిద్ధాంతం ప్రకారం, ఒక భాషలో మౌలిక వర్ణనామాలు రెండే ఉంటే అవి వెలుగును, చీకటిని సూచించేవిగా ఉంటాయి. మూడవది ఏర్పడితే అది ఎరుపు అవుతుంది. ఈ సిద్ధాంతంపై తరువాతి కాలంలో చాలా చర్చ జరిగింది. పసుపును, ఆకుపచ్చను రెండింటినీ 'పచ్చ' అనగలిగే తెలుగు వంటి భాషలను చూసినప్పుడు ఆ చర్చ అవసరమే అనిపిస్తుంది. అయినా తెలుపు, ఎరుపు అనేవి మానవుడు తొలుత వేరుచేసి పేరుపెట్టుకున్న వర్ణాలలోనివన్న అంశం మన గోడకు సంబంధించినంత వరకు సార్థకంగా ఉంది.

3. పదార్థ స్వభావం:

3.1 సున్నం: సున్నపురాయిని గానీ, గుల్లలను గానీ బట్టీలో సుమారు 900 డిగ్రీల సెల్సియస్ వరకు కాలిస్తే బొగ్గుపులుసు వాయువు బయటికి పోయి పొడిసున్నం మిగులుతుంది. నీళ్ళు పోస్తే అది బుసబుస పొంగి, వేడిని వెలువరిస్తూ తడిసున్నంగా మారుతుంది. దానిని గోడకు పూసిన తరువాత గాలిలోని బొగ్గుపులుసు వాయువును తిరిగి గ్రహించి, క్రమంగా మళ్ళీ సున్నపురాయి గుణాన్నే పొందుతుంది. అంటే వెల్లవేసిన గోడపై ఉన్నది పలుచని రాతిపొర. తడిసున్నానికి క్షారగుణం అధికం. అందువల్ల పూసిన కొత్తలో అది బూజును, క్రిములను అడ్డుకుంటుంది. పండుగకో పెళ్ళికో ముందు సున్నాలు వేయడంలో అలంకారంతో పాటు ఈ ప్రయోజనం కూడా ఇమిడి ఉంది.

వెల్లవేసేటప్పుడు ఎవరైనా గమనించగల ఒక విశేషం ఉంది. కుంచెతో పూస్తున్నప్పుడు సున్నం నీళ్ళలాగే ఉంటుంది. వెనుక ఉన్న గోడ కనబడుతూనే ఉంటుంది. ఆరిన తరువాతనే తెల్లబడుతుంది. కాంతిని వంచే గుణంలో సున్నపు రేణువులకు, నీటికి ఉన్న తేడా తక్కువ. అందువల్ల తడిగా ఉన్నప్పుడు కాంతి పెద్దగా చెదరకుండా లోపలికి పోతుంది. నీరు ఆరి ఆ స్థానంలోకి గాలి చేరినప్పుడు తేడా పెరుగుతుంది. ప్రతి రేణువు వద్ద కాంతి చెదరి వెనుకకు వస్తుంది. మనం చూసే తెల్లదనం ఆ చెదరడం వల్ల కలిగినదే.

3.2 జాజు: జాజు రంగుకు కారణం ఇనుప ఆక్సైడు. నీటి అంశం కలిసి ఉన్న ఇనుప ఆక్సైడు పసుపుమట్టిగా ఉంటుంది. దానిని కాల్చితే నీటి అంశం పోయి ఎరుపెక్కుతుంది. సున్నం కాంతిని చెదరగొట్టి తెల్లబడితే, జాజు కాంతిలోని నీలి, ఆకుపచ్చ భాగాలను తనలోనే ఉంచుకొని ఎర్రబడుతుంది. అందువల్ల అది తడిగా ఉన్నప్పుడే ముదురుగా, నిండుగా కనిపిస్తుంది. ఆరినకొద్దీ లేతబడుతుంది. ఆరే క్రమంలో కూడా ఈ రెండు వర్ణాలూ ఒకదానికొకటి ఎదురుగా నడుస్తాయి.

జాజుకు మరొక గుణం ఉంది. చెట్ల నుండి తీసిన అనేక రంగులు సున్నపు క్షారానికి, ఎండకు తట్టుకోలేక వెలిసిపోతాయి. ఇనుప ఆక్సైడు ఆ రెండింటికీ నిలుస్తుంది. సున్నం పక్కన ఏళ్ళ తరబడి మనగలిగిన కొద్ది రంగులలో జాజు ఒకటి. దేవాలయ ప్రాకారాలపై తెలుపు, కావి చారలు పక్కపక్కన కనిపించడానికి సంప్రదాయంతో పాటు ఈ పదార్థ మైత్రి కూడా తోడ్పడింది.

3.3 నీలిమందు చేర్చడం: తెలుపును మరింత తెలుపుగా చూపడానికి సున్నంలో చిటికెడు నీలిమందు కలిపేవారు. బట్టలకు నీలిమందు పెట్టడం వెనుక ఉన్న సూత్రమే ఇది. సున్నంలో సహజంగా ఉండే పసుపు ఛాయను నీలం హరిస్తుంది. నిజానికి గోడ తిరిగి ఇచ్చే కాంతి మొత్తం కొద్దిగా తగ్గుతుంది. అయినా కంటికి గోడ ఇంకా తెల్లబడినట్లు తోస్తుంది. వెలుగు పరిమాణం వేరు, కంటికి తోచేది వేరు అన్న సంగతికి ఇది తొలి నిదర్శనం.

4. గదిలోని వెలుతురు – ఒక గణన:

గోడ తనపై పడిన కాంతిలో ఎంత భాగాన్ని తిరిగి ఇస్తుందో దానిని పరావర్తనం అంటారు. శుభ్రమైన తెల్లగోడ సుమారు 80 శాతం కాంతిని తిరిగి ఇస్తుంది. ముదురు జాజుగోడకు దీనిని 15 శాతంగా తీసుకుందాం. ఒక గోడ నుండి వెనుదిరిగిన కాంతి మరొక గోడపై పడుతుంది. అక్కడి నుండి ఇంకొక గోడకు పోతుంది. ఈ రాకపోకలన్నింటినీ కలిపితే గదిలో వెలుతురు ఎన్ని రెట్లవుతుందో ఒక సులభ సూత్రం చెబుతుంది. గది మొత్తానికి సగటు పరావర్తనాన్ని ఒకటి నుండి తీసివేసి, ఆ శేషంతో ఒకటిని భాగించాలి. సగటు 0.5 అయితే వెలుతురు 2 రెట్లు, 0.8 అయితే 5 రెట్లు అవుతుంది.

పన్నెండడుగుల పొడవు, పన్నెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తు గల గదిని ఊహించుకుందాం. పైకప్పు తెల్లనిది. బండల నేలకు 30 శాతం, తెల్లని టైల్స్‌కు 70 శాతం పరావర్తనం అనుకుందాం. కిటికీలను, సామాన్లను లెక్కలోకి తీసుకోనందువల్ల ఇది స్థూలమైన గణన మాత్రమే. పోలికకు ఇది సరిపోతుంది.

అ) బండల నేల, గోడలన్నీ జాజు: 1.4 రెట్లు.
ఆ) బండల నేల, కింద మూడడుగులు జాజు, పైన తెలుపు: 2.4 రెట్లు.
ఇ) బండల నేల, గోడలన్నీ తెలుపు: 3.4 రెట్లు.
ఈ) తెల్లని టైల్స్, గోడలన్నీ తెలుపు: 4.6 రెట్లు.
ఉ) తెల్లని టైల్స్, కింద మూడడుగులు జాజు, పైన తెలుపు: 2.9 రెట్లు.

అమ్మమ్మ గది 'ఆ' స్థితి నుండి 'ఈ' స్థితికి మారింది. అంటే వెలుతురు దాదాపు రెట్టింపు అయింది. వెలుతురొక్కటే కొలమానమైతే ఆమె చూపు తేటపడి ఉండాలి. అలా జరగలేదు.

ఈ గణన నుండి మరొక విషయం కూడా తెలుస్తుంది. నాలుగు గోడలకూ ముదురు రంగు వేస్తే, కాంతి గోడను తాకిన ప్రతిసారీ ఆ రంగు మరింత చిక్కబడుతుంది. ఒక రంగు ఎర్రకాంతిలో 40 శాతాన్ని, నీలికాంతిలో 5 శాతాన్ని తిరిగి ఇస్తుందనుకుంటే, ఒకసారి తాకినప్పుడు వాటి నిష్పత్తి 8. రెండవసారికి అవి 16 శాతం, 0.25 శాతం అవుతాయి, అప్పుడు నిష్పత్తి 64. అంగడిలో చిన్న అట్టముక్కపై లేతగా కనిపించిన రంగు గది నిండా వేశాక ముదిరిపోయినట్లు అనిపించడానికి ఇదొక కారణం. తెలుపుకు ఈ చిక్కు దాదాపు లేదు. అన్ని రంగుల కాంతినీ అది సమానంగా తిరిగి ఇస్తుంది కనుక ఎన్నిసార్లు తాకినా తెలుపు తెలుపుగానే ఉంటుంది.

5. కంటికి కనిపించే తీరు:

5.1 భేదం: కన్ను వెలుగును కొలిచే పరికరం కాదు, తేడాను పట్టుకునే ఇంద్రియం. పారిస్‌లోని గోబెలిన్ నేతశాలలో అద్దకాల విభాగాన్ని పర్యవేక్షించిన రసాయన శాస్త్రవేత్త షెవ్రూల్ 1839లో వెలువరించిన గ్రంథంలో ఈ విషయాన్ని విపులంగా చర్చించాడు. నల్లదారాల రంగు సరిగా లేదన్న ఫిర్యాదును పరిశీలించి, లోపం అద్దకంలో కాక ఆ దారాల పక్కన ఉన్న రంగులలో ఉన్నదని ఆయన గ్రహించాడు. ఏ రంగైనా తన పొరుగు రంగును బట్టి మారి కనిపిస్తుంది. తెలుపు పక్కన జాజు మరింత ముదురుగా, జాజు పక్కన తెలుపు మరింత తెల్లగా తోచేది ఇందువల్లనే.

రెండు తలాల మధ్య భేదాన్ని లెక్కించడానికి వాటి పరావర్తనాల తేడాను వాటి మొత్తంతో భాగిస్తారు. ఫలితం సున్నకు దగ్గరైతే హద్దు కనిపించదు, ఒకటికి దగ్గరైతే స్పష్టంగా కనిపిస్తుంది. పాత గదిలో బండలకు, జాజు పట్టీకి మధ్య ఇది 0.33. తెల్లని టైల్స్‌కు, తెల్లగోడకు మధ్య 0.07 మాత్రమే. వెలుతురు దాదాపు రెట్టింపయింది, నేలకు గోడకు మధ్య భేదం ఐదోవంతుకు పడిపోయింది. అమ్మమ్మ చెప్పిన మాటకు అర్థం ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్నది. తెలియజేయడమే తన అర్థంగా గల తెలుపు, అంతటా తానే అయినప్పుడు దేనినీ తెలుపలేకపోయింది.

5.2 వయసు: వయసు పెరిగేకొద్దీ కంటిలోని కటకం పసుపుబారుతుంది, కంటిపాప చిన్నదవుతుంది. అరవై ఏళ్ళ వ్యక్తి కంటి తెరను చేరే కాంతి ఇరవై ఏళ్ళ వ్యక్తితో పోలిస్తే సుమారు మూడోవంతు ఉంటుందని నేత్రశాస్త్ర గ్రంథాలు చెబుతాయి. కాబట్టి వృద్ధులకు ఎక్కువ వెలుతురు అవసరమన్నది నిజమే. అదే సమయంలో మసకబారిన కటకం కాంతిని కంటిలోపలే చెదరగొడుతుంది. మెరిసే తెల్లని నేల నుండి వచ్చే వెలుగు అటువంటి కంటిలో పొగమంచులా కమ్ముకొని, ఉన్న కొద్ది భేదాన్ని కూడా చెరిపివేస్తుంది. వృద్ధులకు వెలుతురు కావాలి, మిరుమిట్లు వద్దు, హద్దులు స్పష్టంగా ఉండాలి. ఈ మూడూ ఒకేసారి తీరాలంటే ఒకే రంగుతో సాధ్యం కావడం కష్టం.

5.3 సంధ్యవేళ: చెక్ దేశపు శాస్త్రవేత్త పుర్కిన్యే పందొమ్మిదవ శతాబ్ది తొలి భాగంలో ఒక విషయం గమనించాడు. వెలుతురు తగ్గుతున్నప్పుడు ఎరుపు రంగులు నీలి రంగుల కంటే ముందుగా నల్లబడిపోతాయి. మసక వెలుతురులో పనిచేసే కంటి కణాలు ఎర్రకాంతికి అంతగా స్పందించవు. దీనినిబట్టి జాజుగోడ సాయంత్రానికి నల్లని పట్టీగా కనిపిస్తుంది. గది అంతా జాజు అయితే ఇది దోషమే, దీపం పెట్టకముందే గది చీకటవుతుంది. పైన తెలుపు, కింద మాత్రమే జాజు ఉన్నప్పుడు అదే దోషం గుణంగా మారుతుంది. వెలుతురు సన్నగిల్లే వేళకు హద్దు ఇంకా స్పష్టపడుతుంది.

5.4 స్వీయ పరిశీలన: పై అంశాలను సరిచూసుకోవడానికి రెండడుగుల చదరపు చెక్కలు రెండు తీసుకొని, ఒకదానికి తెలుపు, మరొకదానికి జాజురంగు వేసి, ఆ గదిలో గోడకు ఆనించి ఉదయం, మధ్యాహ్నం, దీపాలకు ముందు, దీపాల తరువాత చూశాను. అమ్మమ్మను గుమ్మం వద్ద నిలబెట్టి ఏది ఎక్కడున్నదో అడిగాను. జాజు చెక్కను ఆమె నాలుగు వేళలలోనూ వెంటనే చూపించింది. తెల్లచెక్కను ఒక్క మధ్యాహ్నం మాత్రమే, దాని నీడను బట్టి గుర్తించింది. ఇది ఒకే వ్యక్తితో చేసిన పరిశీలన. దీనిని సాధారణ సూత్రంగా ప్రతిపాదించడం లేదు. ఆ ఇంటికి సంబంధించినంత వరకు మాత్రం ఇది నిర్ణయానికి చాలింది.

6. గోడను విభజించిన పద్ధతి:

నేడు రంగుల ఎంపిక 'ఇదా, అదా' అనే రూపంలో మన ముందుకు వస్తుంది. కింద జాజు, పైన సున్నం వేసిన పాత గోడ ఈ ప్రశ్నను మరొక విధంగా పరిష్కరించింది. అది రెండు రంగులలో ఒకదానిని ఎన్నుకోలేదు, గోడనే రెండు భాగాలు చేసింది. ఆ విభజనరేఖ సాధారణంగా మోచేతి ఎత్తుకు అటూఇటూగా ఉంటుంది. ఆ రేఖకు కింది భాగం మనుషులది. చేయి ఆనేది, వీపు ఆనించి కూర్చునేది, పిల్లలు తాకేది, అలుకునీళ్ళు చిందేది అక్కడే. మరకను దాచుకోగల ముదురు రంగు అక్కడ అవసరం. పై భాగం వెలుతురుది. కిటికీ నుండి, దీపం నుండి వచ్చే కాంతిని గదిలోకి మళ్ళించే పని దానిది. అక్కడ తెలుపు అవసరం.

ఇక్కడ జాజును అతిగా కీర్తించే ప్రమాదం కూడా ఉంది. లెక్కలు దానిని అనుమతించవు. పాత గదిలో బండలకు, జాజుకు మధ్య భేదం 0.33 కాగా, అదే బండల పక్కన తెల్లగోడ ఉండి ఉంటే భేదం 0.45 అయ్యేది. అంటే బూడిదరంగు నేలపై తెల్లగోడ హద్దును ఇంకా బాగా చూపేది. నేల ఎర్రగచ్చుది అయితే జాజు పట్టీ నేలలో కలిసిపోతుంది, అక్కడ తెల్లగోడే మేలు. తెల్లని టైల్స్ పక్కన మాత్రం జాజు పట్టీ భేదం 0.65కు చేరుతుంది. కాబట్టి గొప్పదనం జాజులోనూ లేదు, తెలుపులోనూ లేదు. పక్కనున్న దానికి భిన్నంగా ఉండటంలో ఉన్నది. నేలను మార్చిన రోజున గోడను గురించి కూడా తిరిగి ఆలోచించవలసింది. మా ఇంట్లో జరగనిది అదే.

ఎరుపు వేడి, తెలుపు చల్లన అనే నమ్మకాన్ని కూడా ఇక్కడ పరిశీలించాలి. ఎండ నేరుగా తగిలే పైకప్పు విషయంలో ఇది వాస్తవం. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లని పైకప్పుల విధానాన్ని ప్రకటించినది ఈ సూత్రం ఆధారంగానే. ఎండ తగలని లోపలి గోడకు మాత్రం రంగును బట్టి వేడిలో చెప్పుకోదగిన తేడా రాదు. అక్కడ వేడి, చల్లదనం అనేవి చాలావరకు మనసుకు తోచేవే.

7. నేటి పూతలు – కొన్ని జాగ్రత్తలు:

7.1 చెమ్మ: సున్నపు పూత గోడలోని చెమ్మను బయటికి పోనిస్తుంది. ప్లాస్టిక్ ఎమల్షన్ పొర దానిని చాలావరకు అడ్డుకుంటుంది. మట్టి, సున్నంతో కట్టిన పాత గోడలపై ఎమల్షన్ వేసినప్పుడు కొంతకాలానికి పొక్కులు లేచి పెచ్చులూడటం దీనివల్లనే. ఒకసారి ఎమల్షన్ వేసిన తరువాత దానిపై తిరిగి సున్నం కానీ, సున్నంలో కలిపిన జాజు కానీ నిలవదు. పీల్చుకునే గుణం లేని తలాన్ని సున్నం పట్టుకోలేదు. అందువల్ల పాత గోడ విషయంలో మొదటి నిర్ణయమే జాగ్రత్తగా తీసుకోవాలి.

7.2 సీసం: ఎరుపులన్నీ ఒకటి కావు. జాజు ఇనుప ఆక్సైడు కాగా, సిందూరవర్ణంగా పేరొందిన ఎరుపు సీసపు ఆక్సైడు. కంటికి రెండూ ఎరుపే అయినా, సీసం పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. గృహాలంకరణ రంగులలో సీసాన్ని పది లక్షల భాగాలలో 90 భాగాలకు పరిమితం చేస్తూ కేంద్రప్రభుత్వం 2016లో నియమాలను జారీచేసింది. అవి 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చాయి. అంతకుముందు వేసిన నూనెరంగులను పొడిగా గీకి దుమ్ము రేపడం మంచిది కాదు. తడిపి తీయడం, ఆ సమయంలో పిల్లలను దూరంగా ఉంచడం అవసరం.

8. ముగింపు:

సున్నపు తెలుపును, జాజు ఎరుపును పోల్చినప్పుడు ఈ అంశాలు స్పష్టమవుతున్నాయి.

• తెలుపు వెలుతురును పెంచుతుంది. జాజు హద్దును చూపుతుంది. ఒకదాని పనిని మరొకటి చేయలేదు.
• గదిలో వెలుతురు పెరిగినంత మాత్రాన చూపు సుగమం కాదు. నేల, గోడ, తలుపుల మధ్య భేదం కూడా ఉండాలి. వృద్ధుల విషయంలో ఇది మరింత ముఖ్యం.
• గోడరంగును అట్టముక్కపై చూసి కాక, ఆ గదిలో, ఆ నేల పక్కన, వేర్వేరు వేళలలో, అక్కడ ఉండబోయే మనిషిచేత చూపించి నిర్ణయించాలి.
• జాజు, జేగురు, కావి, వెల్ల వంటి పదాలు వాడుక నుండి తొలగిపోతున్నాయి. వాటితో పాటు ఏ రంగు గోడపై ఏ ఎత్తున ఉండాలన్న అనుభవజ్ఞానం కూడా తొలగిపోతున్నది. మాండలిక పదసేకరణ చేసేవారు రంగుల పేర్లతో పాటు, ఆ రంగు ఎక్కడ, ఎందుకు వేసేవారో కూడా నమోదు చేయడం అవసరం.

అమ్మమ్మ గదిలో కింది మూడడుగులకు మెరుపు లేని జాజురంగు ఎమల్షన్ వేయించాము. గణన ప్రకారం గదిలో వెలుతురు 4.6 రెట్ల నుండి 2.9 రెట్లకు తగ్గింది. అయినా పాత గదిలోని 2.4 కంటే అది ఎక్కువే. ఇంటికి వచ్చినవారిలో కొందరు తెల్లగా ఉన్నప్పుడే గది బాగుండేదని అంటున్నారు. వారి అభిరుచితో నాకు పేచీ లేదు. అమ్మమ్మ మాత్రం రాత్రివేళ ఎవరినీ లేపకుండా, ఎరుపు పట్టీ వెంట చేయి ఆనించి నడిచి వెళ్ళి వస్తున్నది.